టేపు మామయ్య రోడ్డు బైకు

మా మామయ్యకున్నది ఒకటే జబ్బు: ఎదురుపడ్డ ప్రతి మనిషినీ కొలవడం. వృత్తి దర్జీపని కాబట్టి అందులో వింతేముంది అంటారు మీరు. కానీ కొట్టు మూసి రెండేళ్ళయినా టేపు ఆయన మెడ దిగలేదు. వీధిలో అందరూ టేపు మామయ్యనే అంటారు. అసలు పేరు పోస్టుమానుకి కూడా గుర్తులేదు.

బస్సులో టికెట్టు చేతికిచ్చిన కండక్టరుతో, "బాబూ, నీ ఎడమ భుజం కుట్టు పావంగుళం జారింది. ఎవడు కుట్టాడు?" అంటాడు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగానే డాక్టరు చేతిని జేనతో కొలిచాడు. మాట్లాడటానికి నోరు ఖాళీ లేక, జేబులోంచి సుద్దముక్క తీసి ఆయన తెల్లకోటు మణికట్టు దగ్గర ఓ గీత పెట్టాడు, ఇక్కడిదాకా తగ్గించాలని. పన్ను పోయింది కానీ డాక్టరుగారి కోపం వారందాకా పోలేదు.

నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళితే, శుభాకాంక్షలకు బదులు నన్ను కిందికీ పైకీ చూసి, "నడుం అంగుళమున్నర తగ్గింది. హాస్టల్లో అన్నం పెట్టట్లేదా?" అన్నాడు. మేనకోడలి నడుము సంగతి గుమ్మంలో నిలబడి వీధికంతా వినబడేలా చెప్పాలా? నెల్లాళ్ళు మాట్లాడలేదు నేను.

అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. మూసేసిన కొట్టు మీది రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. ఓ సాయంత్రం నేను వెళ్ళేసరికి మంచాన్ని కొలుస్తున్నాడు. "నాలుగడుగుల వెడల్పే అమ్మాయ్. ఇద్దరికీ ఇరుకని మీ అత్తయ్య ముప్పైయేళ్ళు సణిగింది. ఇప్పుడు చూడు, ఎంత పెద్దదైపోయిందో!" అన్నాడు. నేను టీ పెడతానని వెళ్ళాను.

అలాంటి మనిషి ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మాయీ, సైకిలు కొంటున్నా. రోడ్డు బైకు!" అన్నాడు.

"నువ్వు సైకిలెక్కి ఎన్నాళ్ళయింది మామయ్యా?"

"ఇరవై రెండేళ్ళు. అయితే ఏం? వయసులో రేసులకి వెళ్ళలేకపోయాను, ఇప్పుడెళ్తా. ఎనిమిదిన్నర కిలోలట! నా కుట్టుమెషీను తల అంతకన్నా బరువు."

సైకిళ్ళ కొట్టాయన ఒకప్పుడు నిజంగానే రేసుల్లో తొక్కినవాడు. ఓపికమంతుడు. ఆ ఓపిక ఎంతుందో మామయ్య పదకొండుసార్లు వెళ్ళి కొలిచాడు. మొదటిరోజు నేనూ తోడున్నాను.

"మీ ఎత్తుకి యాభైనాలుగు సైజు సరిపోతుందండీ. లేదంటే యాభైరెండు," అన్నాడు కొట్టాయన.

"అంగుళాలా?"

"సెంటీమీటర్లండీ."

"యాభైరెండు, యాభైనాలుగు. మరి యాభైమూడుంబావు మనుషులు ఏ గంగలో దూకాలి?"

"సీటు జరుపుకోవచ్చండీ."

"అదీ సంగతి! ఇదీ రెడీమేడే!" అని నా వైపు తిరిగి పళ్ళు కొరికాడు. రెడీమేడు అన్నది ఆయన నిఘంటువులో బూతుమాట. ఆయన కొట్టు మూయించింది అదే కదా.

తర్వాత గేర్లు. ఖరీదైన సైకిలుకి గేర్లు బ్యాటరీతో మారతాయని కొట్టాయన మీట నొక్కి చూపించాడు. "గేరుకి ఛార్జింగా? రేపు చక్రానికి సిమ్ము కార్డు వెయ్యమంటావు," అన్నాడు మామయ్య. కిందికి వంగిన హ్యాండిలు చూసి, "దీనికి పొట్టేలు కొమ్ములెందుకు?" అన్నాడు. కార్బన్ చట్రం మీద వేలితో టకటకా కొట్టి, "లైనింగు లేని కోటులా ఉందయ్యా," అని పెదవి విరిచాడు.

బూటు అతుక్కునే పెడలు మాత్రం తెగ నచ్చింది. "కాజాలో బొత్తాంలాగన్నమాట!"

"అంతేనండీ. దిగేముందు మడమ పక్కకి తిప్పాలి."

"తిప్పడం మర్చిపోతే?"

"పడతారు."

మర్చిపోయాడు. వీధి చివరిదాకా దర్జాగా తొక్కి, తిరిగొచ్చి కొట్టు ముందు ఆగి, ఎడమవైపుకి మెల్లగా, దండెం మీంచి తడిపంచె జారినట్టు, సైకిలుతో సహా పడ్డాడు. పడి, లేవకుండానే కొట్టాయన ప్యాంటు అంచు పట్టుకు చూసి, "ఇది చేతికుట్టు కాదు," అన్నాడు.

ఏడోసారో ఎనిమిదోసారో నేను మళ్ళీ తోడు వెళ్ళినప్పుడు, కొట్టాయనే టేపు తీసి మామయ్యని కొలిచాడు. కాలి లోపలి పొడవు, మొండెం, చేతులు. అంతసేపూ మామయ్య ఊపిరి బిగబట్టి, క్షవరానికి కూర్చున్న పిల్లాడిలా కదలకుండా ఉన్నాడు. కొట్టాయన రెండుసార్లు సరిచూసుకుని, "మీ ఎడమ కాలు పావంగుళం పొట్టండీ," అన్నాడు. మామయ్య ముఖం పాలిపోయింది. ఊళ్ళో జనానికి ముప్పై ఎనిమిదేళ్ళుగా వంకలు పెట్టిన మనిషి కదా! ఇంటికొచ్చే దారిలో, "మీ అత్తయ్యకి తెలిసే ఉంటుంది. చెప్పలేదు చూడు," అన్నాడు.

చివరికి ఎంచుకున్నది అల్యూమినియం సైకిలు. వెడల్పాటి టైర్లు, తడిలోనూ పట్టే డిస్కు బ్రేకులు, నడుం వంచకుండా కూర్చోనిచ్చే చట్రం, ఎత్తులెక్కడానికి తేలిక గేర్లు, మామూలు పెడళ్ళు. ఇంత తెలివిగా ఎంచాడేమిటని కొట్టాయన మురిసిపోతుండగా మామయ్య బాంబు వేశాడు.

"వెనక క్యారేజీ బిగించు."

"రోడ్డు బైకుకి క్యారేజీయా? సైకిలు సిగ్గుపడుతుందండీ!"

"చట్రానికి క్యారేజీ మరలు పట్టే చిల్లులున్నాయనే కదయ్యా దీన్ని ఎంచుకున్నాను. సైకిలుకి నే సర్ది చెప్పుకుంటాలే, బిగించు."

కొట్టాయన ముఖం పక్కకి తిప్పుకుని బిగించాడు.

ఆ మర్నాటి నుంచి మామయ్య పొద్దున ఆరింటికి వెళ్ళి పదకొండింటికి రావడం మొదలెట్టాడు. ఎక్కడికంటే "రేసు ప్రాక్టీసు" అంటాడు. ఆయనకి ఎవరూ లేరు, నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతాడని నాకు లోలోపల ఉక్రోషం. రెండు నెలలు తిరిగేసరికి కొట్టాయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ మామయ్యగారు బ్రేకులు అప్పుడే అరగదీశారు. మీటరు పదిహేనువందల కిలోమీటర్లు చూపిస్తోంది. కుర్రాళ్ళకే చేతకాదు. కాస్త కనుక్కోండి, గుండె భద్రం."

మర్నాడు సెలవు పెట్టి, స్కూటరు మీద వెనకే వెళ్ళాను.

ఊరు దాటి, ఎత్తు రోడ్డెక్కి, పన్నెండు కిలోమీటర్ల అవతలున్న కొత్త కాలనీలో ఓ ఇంటి ముందు ఆగాడు. ఆగి ఉన్న లారీ వెనక నక్కి చూశాను. తలుపు తీసినాయన్ని గుర్తుపట్టాను. మా బడిలో గంట కొట్టిన బంట్రోతు. అప్పట్లో పీపాలా ఉండేవాడు.

"పోయినసారి కొలత తప్పింది, మళ్ళీ తియ్యాలి. నిలబడు," అని మామయ్య మెట్ల మీదే టేపు చుట్టాడు. "వారంలో అంగుళమా! వంట మానేశావా?"

"ఆకలెయ్యట్లేదయ్యా."

"నాకేస్తోంది. కూర్చో." క్యారేజీ మీంచి సూదుల పెట్టె, దాని కింద నుంచి టిఫిన్ క్యారియరు దిగాయి. ఇద్దరూ మెట్ల మీదే తిన్నారు. తిన్నాక మామయ్య ఆయన ఇంకో ప్యాంటు తెప్పించి నడుము బిగించి కుట్టాడు.

రెండిళ్ళ అవతల రిటైరైన నర్సమ్మ. ఆమె కాలి చీలమండ చుట్టూ టేపు వేసి, "మొన్నటికీ ఇవాళ్టికీ అరంగుళం పెరిగింది. ఇవాళే డాక్టరు దగ్గరికి పద," అన్నాడు.

"నర్సుకే వైద్యం చెప్తావా?"

"నర్సుకి చెప్పట్లేదమ్మా. టేపు చెప్తోంది."

ఆమె నవ్వి చెప్పులేసుకుంది. ఆటో ఎక్కించి, ఆమె వెళ్ళేదాకా ఉండి, అప్పుడు లారీ వైపు తిరిగి, "అమ్మాయీ! ఆ లారీ ఎనిమిదడుగుల వెడల్పే. నీ స్కూటరు తోక బయటికే ఉంది," అన్నాడు.

సిగ్గుపడుతూ వెళ్ళాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం.

"కొట్టు మూసినా నా కొలతల పుస్తకం ఉందిగా. తిరగేస్తే పదిహేడుమంది తేలారు, నాలాగా ఒక్కళ్ళే ఉన్నవాళ్ళు. అందరూ ఊరి చివర్లకి, కొందరు ఇటు, కొందరు పడమటికి పోయారు. బస్సులుండవు. పాత బరువు సైకిలుతో ఈ ఎత్తు ఎక్కలేను."

"రేసన్నావు?"

"రేసు సైకిలు కొనడానికి రేసు కాక ఇంకేం చెప్పను? చూడు, ఉత్తినే వెళ్ళి ఎలా ఉన్నారంటే అందరూ బాగున్నామనే అంటారు. టేపుకి మొహమాటం లేదు. మనిషి దిగులు ముందు నడుం దగ్గర తెలుస్తుందే." ఆగి, నేల చూస్తూ అన్నాడు. "మీ అత్తయ్య పోయినప్పుడు నా ప్యాంటు రెండంగుళాలు వదులైంది. నేనే కుట్టుకున్నా."

నేనప్పుడు నెలకోసారి ఫోన్ చేసి, బాగున్నావా అంటే బాగున్నాననగానే పెట్టేసేదాన్ని. ఆయన మెడలోని టేపు కొస పట్టుకుని, "పడమటివైపు ఎంతమంది ఉన్నారు?" అన్నాను.

"అయిదుగురు. అటు వెళ్ళాలంటే రోజు చాలట్లేదు."

"నాకివ్వు. స్కూటరుందిగా. కానీ నాకు కొలవడం రాదు."

"వస్తుంది. మొదట్లో అందరూ తప్పే కొలుస్తారు. నువ్వొస్తావని వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాలే."

ఆ గురువారం పడమటి కాలనీకి వెళ్ళాను. మొదటి తలుపు తీసింది ఓ ముసలాయన, ఒకప్పుడు బ్యాండుమేళంలో బాకా ఊదినవాడు. నా చేతిలో టేపు చూడగానే, నేనెవరో కూడా అడక్కుండా, గుమ్మంలోనే దిష్టిబొమ్మలా రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

"కానియ్యమ్మా, తొందరగా కొలువు," అన్నాడు. "పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఇద్దరికీ పెట్టాను."