పడక మేస్త్రి

పడుకోకుండా ఆయన ఏ ఇంటి కప్పుకీ కన్నం పెట్టడు. ఆయన గురించి చెప్పుకోవాలంటే ముందు ఈ సంగతే చెప్పుకోవాలి. ఇళ్లలో ఫాల్స్ సీలింగుకి స్పీకర్లు బిగించడం ఆయన పని. పిలిచిన ఇంటికి నిచ్చెన, గుండ్రటి రంపం, వైరు చుట్టలు మోసుకుని వస్తాడు. అన్నీ ఓ మూల దించుతాడు. చెప్పులు విడుస్తాడు. జేబులో పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకుంటాడు. ఆ తర్వాత హాలు నడిమధ్యన, చాపైనా అడక్కుండా, వెల్లకిలా పడుకుంటాడు.

ఈ పడకే ఒకసారి ఆయన కొంప ముంచింది. అప్పట్లో ఒక పెద్ద ఆడిటోరియంలో సౌండు చూసుకునే ఉద్యోగం ఉండేది. పైన ఏదో స్పీకరు సన్నగా గరగరమంటుంటే, అది ఏదో పట్టుకుందామని వేదిక ముందు పడుకున్నాడు. కళ్లు మూసుకుంటే తప్ప ఆయనకి చెవులు తెరుచుకోవు. అటుగా వచ్చిన మేనేజరు ఫోటో తీశాడు. పనివేళలో నిద్రపోతున్నాడని ఆ ఫోటో చూపించి పంపించేశారు. కుర్చీల్లో కూర్చుని కునికేవాళ్లంతా కలిసి, నేల మీద పడుకుని పనిచేసేవాణ్ణి సోమరి అన్నారు. గరగర మాత్రం ఆ హాల్లో ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉందట.

ఇంకొకడైతే ఆ దెబ్బకి నిలబడి వినడం నేర్చుకునేవాడు. ఈయన అప్పటిదాకా ఒక్కడే పడుకునేవాడల్లా, ఆ రోజు నుంచి ఇంటివాళ్లని కూడా పడుకోబెట్టడం మొదలుపెట్టాడు.

"సాక్షులుండాలి కదండీ" అనేవాడు.

ఒక ఇంట్లో మొగుడు, పెళ్లాం, పిల్లలు, చూసిపోదామని వచ్చిన బావమరిది, అందర్నీ వరసగా పడుకోబెట్టాడు. "కళ్లు మూసుకోండి. కదలొద్దు. నేను చప్పట్లు కొడతాను, చప్పుడు ఏ గోడ నుంచి తిరిగొస్తుందో చెప్పండి" అన్నాడు. అంతలో పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. ఇంటిల్లిపాదీ కింద పడి ఉన్నారు. గ్యాసు లీకయిందనుకుని, పాపం, పూలకుండీ ఎత్తి కిటికీ అద్దం బద్దలు కొట్టింది. పిల్లలు కెవ్వుమన్నారు. మేస్త్రి లేవలేదు.

"విన్నారా? ఆ చప్పుడంతా ఎడమ గోడ మింగేసింది. స్పీకరు అటుపక్క పెట్టకూడదు" అన్నాడు.

అప్పటినుంచి ఆయన పేరు పడక మేస్త్రి అయిపోయింది. అలాంటి మనిషి టీచరక్క తమ్ముడి ఇంటికి వచ్చాడు.

టీచరక్క డ్రిల్లు టీచరు. బడిలో పిల్లల్ని ఎండలో వరస కట్టించి వంగండి, లేవండి, పరిగెత్తండి అని జడిపించిన మనిషి. ఎవడో వంగడం సరిగ్గా రావట్లేదని తనే వంగి చూపించబోయి, అలాగే ఉండిపోయింది. నడుములో డిస్కు జారింది. తను మళ్లీ చెప్పేదాకా మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఒంటరిగా ఉండే అక్కని తమ్ముడు తన ఇంటికి తెచ్చుకుని, హాలు పక్క గదిలో మంచం వేశాడు. నడుము పోయినా మెడలో ఈల పోలేదు. ఒకసారి ఊదితే మంచినీళ్లు, రెండుసార్లు ఊదితే ఫ్యాను, ఆపకుండా ఊదితే తమ్ముడు.

తమ్ముడికి పాటల పిచ్చి. ఆదివారం సాయంత్రం ఆఫీసువాళ్లని, కొత్తగా వచ్చిన పై అధికారిని ఇంటికి పిలిచాడు. ఆలోపు హాలు కప్పులో స్పీకర్లు పెట్టించాలని ఒకటే ఆరాటం. కాలు ఒక చోట నిలవడం లేదు.

"అక్కా! స్పీకరే కనపడదు. పాట మాత్రం పైనుంచి వానలా కురుస్తుంది!"

"నాకో గొడుగు కొనిపెట్టు" అంది టీచరక్క. "ఆ గోడకి ఇటుపక్కే నా మంచం. నువ్వక్కడ ఢమఢమలాడిస్తే ఆ ఢమఢమ ఇక్కడ నా నడుములో పడుతుంది. ఆదివారం మోత మొదలైందో, సోమవారం పొద్దున్నే నర్సింగ్ హోముకి పోతాను. ఫోను కూడా చేశాను. మంచం ఖాళీగా ఉందట."

తమ్ముడి మొహం చిన్నబోయింది. అమ్మ పోయాక తనని మోసుకు తిరిగింది ఆ నడుమే. అక్కని పంపడమా, పార్టీ మానడమా తేల్చుకోలేక, "తలుపు మూసేస్తాంలే అక్కా" అన్నాడు.

అనకూడని మాట అదే. టీచరక్కకి మోత కంటే మూసిన తలుపంటేనే మంట. అటు అందరూ నవ్వుకుంటుంటే ఇటు తను కప్పు చూస్తూ పడుండాలి. ఆ సంగతి పైకి చెప్పే రకం కాదు. "మూసుకో. గడియ కూడా పెట్టుకో" అంది.

శుక్రవారం మేస్త్రి వచ్చి హాల్లో పడుకున్నాడు. పక్కన తమ్ముణ్ణీ, తమ్ముడి పెళ్లాన్నీ పడుకోబెట్టాడు.

"అన్నయ్యగారూ, పొయ్యి మీద పాలున్నాయండీ" అందావిడ పడుకునే.

"పొంగితే చప్పుడొస్తుందమ్మా. అదీ విందాం."

హాలు అయ్యాక ఆయన తిన్నగా టీచరక్క గదిలోకి వచ్చి, మంచం పక్కన నేల మీద వాలాడు. ఆమె అదిరిపడి ఈల ఊదింది. మేస్త్రి ఒక కన్ను తెరిచాడు.

"బాగుందమ్మా. ఇంకోసారి ఊదండి. గది ఎంతుందో తెలిసిపోతోంది."

ఆమె ఒళ్లు మండి, ఊపిరంతా పెట్టి ఊదింది. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "మిమ్మల్ని కాదండీ, గదిని పిలిచారు" అని మేస్త్రి అతన్ని వెనక్కి పంపేశాడు.

కాసేపు ఇద్దరూ కప్పు చూస్తూ ఉండిపోయారు. తనని పై నుంచి చూడకుండా తనతో పాటు పైకి చూసే మనిషి తగలడం టీచరక్కకి చాలా రోజుల తర్వాత ఇదే.

"మేస్త్రీ, ఆ మూల మరక చూశారా? ఒంటె."

"ఒంటె కాదమ్మా. ఇటు నుంచి చూస్తే తలకి గుడ్డ కట్టుకున్న ముసలావిడ."

టీచరక్క మెడ ఇటు తిప్పి చూసింది. "అవునే! అయ్యో, దానికి మా హెడ్మాస్టరు పేరు పెట్టుకున్నానే!"

"ఉండనివ్వండి, ఆయనేం నొచ్చుకోడు. హాల్లో పాట పెడితే ఇక్కడ ఏం వినపడుతుందమ్మా?"

"పాటెక్కడ వినపడుతుంది? పాట వాళ్లుంచుకుని దెబ్బలు నాకు పంపిస్తారు."

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. లేచి వెళ్లి, ఈ గదిలో కూడా ఒక చిన్న స్పీకరు పెడదామా అని తమ్ముణ్ణి అడిగాడు. "అక్కకి విశ్రాంతి కావాలి. ఆ గది జోలికి పోకండి" అన్నాడు తమ్ముడు.

జోలికి పోవద్దంటే ఆగే మనిషైతే ఆడిటోరియంలోనే రిటైరయ్యేవాడు. శనివారం హాలు కప్పులో, ఈ గది గోడకి దూరంగా, రెండు స్పీకర్లు బిగించి, టీచరక్క మీద దుప్పటి కప్పి, ఆమె దిండుకి పైగా కప్పులో కన్నం కోశాడు.

"ఇదెందుకు?" అంది దుప్పటి లోంచి.

"వైర్లు పోయే దారమ్మా. ఎప్పుడైనా చూసుకోవడానికి కిటికీ."

దుప్పటి తీసేసరికి కప్పులో తెల్లటి గుండ్రటి మూత ఉంది. ఒంటె పక్కన చందమామ వచ్చిందనుకుని, ఆమె కాసేపటికి నిద్రపోయింది.

బజారు నుంచి తమ్ముడు వచ్చి చూస్తే హాల్లో వైర్లు వేలాడుతున్నాయి, మేస్త్రి లేడు. గదిలో చూస్తే అక్క మంచం మీద, మేస్త్రి నేల మీద, ఇద్దరి కళ్లూ మూతపడి ఉన్నాయి. అసలే కంగారులో ఉన్నవాడు, భగ్గుమన్నాడు.

"ఏమయ్యా! రేపు ఇంటికి జనం వస్తుంటే నిద్రపోతున్నావా?"

"నిద్ర కాదండీ, వింటున్నాను."

"గురక వినపడుతోంది!"

"అది అమ్మగారిదండీ."

"ఎవరు గురక పెట్టింది?" అని టీచరక్క ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"ఇక చాలు. మిగిలింది నేనే కలుపుకుంటాను. మీరు వెళ్లండి" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి లేచి బట్టలు దులుపుకున్నాడు. "ఫోటో తీసుకుంటారా?" అని అడిగాడు, చాలా మర్యాదగా. ఆ ప్రశ్న ఎందుకో తమ్ముడికి అర్థం కాలేదు.

"ఏ వైరు ఎక్కడికో గుర్తులేమైనా పెట్టారా?"

"అన్నీ నా తలకాయలో ఉన్నాయండీ" అన్నాడు మేస్త్రి. ఆ తలకాయ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం తమ్ముడు పొద్దుటినుంచి ఫోనులో వీడియోలు చూస్తూ వైర్లతో కుస్తీ పట్టాడు. ఉండాల్సినవి రెండు జతలు, వేలాడుతున్నవి మూడు. చేతికందిన రెండూ ఆంప్లిఫయరుకి కలిపి, మూడోది మేస్త్రి చాదస్తమనుకుని గోడలోకి తోసేశాడు. కలపడం అవుతుండగానే గంట మోగింది. పరీక్షించి చూసే వ్యవధి లేదు. అందరూ వచ్చారు. అక్క గది తలుపు మూశారు.

"వినండి సార్! వాన!" అని తమ్ముడు మీట నొక్కాడు.

పెట్టింది పాతకాలపు పాట. ఆ రోజుల్లో కొన్ని పాటల్ని గొంతు ఒక స్పీకరులో, వాయిద్యాలు ఇంకో స్పీకరులో వచ్చేలా రికార్డు చేసేవారు. హాలు కప్పులోంచి వయొలిన్లు జల్లున కురిశాయి. తమ్ముడు నేల మీద లేడు. వయొలిన్లు తగ్గి, గొంతు రావాల్సిన చోటు వచ్చింది. కప్పులోంచి గొంతు రాలేదు. అప్పుడు, మూసిన తలుపు వెనకనుంచి, తేనెలాంటి ఆడగొంతు పాట ఎత్తుకుంది.

"ఎవరండీ అది?" అన్నాడు పై అధికారి.

"మా అక్క..." అన్నాడు తమ్ముడు, నోరు తెరుచుకునే.

"డ్రిల్లు టీచరన్నారు కదా?"

"నేనూ ఇన్నాళ్లూ అరుపులే విన్నానండీ!"

తలుపవతల టీచరక్క, రేపు ప్రయాణానికి ఏ చీరలు సర్దించాలా అని పళ్లు కొరుకుతూ పడుకుని ఉంది. ఉన్నట్టుండి నెత్తిమీది చందమామ పాడింది. దెబ్బల్లేవు, దడలేదు. ఒక్కొక్క మాటా మెల్లగా వచ్చి మొహం మీద వాలుతోంది. ఆమె కళ్లు చక్రాలంత అయ్యాయి. అంతలో తలుపు ఓరగా తెరుచుకుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు తలకాయలు. అన్నిట్లో భక్తి.

ఆ భక్తి చూశాక టీచరక్క మనసు ఆగలేదు. కళ్లు అరమోడ్చి, పెదాలు కదపడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి కూడా గాల్లో తిప్పింది. పై అధికారి బూట్లు విడిచి వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక మిగతావాళ్లు నిలబడతారా? చరణం మధ్య వాయిద్యాలు హాల్లోంచి వస్తే అన్ని తలలూ హాలు వైపు తిరిగేవి. గొంతు రాగానే మళ్లీ మంచం వైపు తిరిగేవి. అంతా భేషుగ్గా సాగిపోతుండగా, సరిగ్గా పై స్థాయిలో గొంతు సాగుతున్నచోట టీచరక్కకి దగ్గొచ్చింది.

ఆమె దగ్గింది. పాట ఆగలేదు.

"అమ్మా, మీరు దగ్గుతూ కూడా పాడతారా?" అన్నాడు పై అధికారి.

ముందు టీచరక్కే పగలబడింది. "నవ్వించకండర్రా, నా డిస్కు!" అంటూనే నవ్వింది. ఇల్లు ఎగిరిపోయింది. టీ, కేకు అన్నీ ఆ గదిలోకే వచ్చాయి. హాల్లో వయొలిన్లు కుర్చీలకి వినిపించుకున్నాయి.

తమ్ముడొక్కడే కప్పులోని తెల్లమూత చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా అతని బుర్రలో వెలిగింది. స్కూటరెక్కి వెళ్లి మేస్త్రిని వెనక కూర్చోబెట్టుకొచ్చాడు. ఏమని క్షమాపణ అడగాలో తెలియక, అందరూ చూస్తుండగా అక్క మంచం పక్కన నేల మీద పడుకున్నాడు.

"తల అటు కాదండీ, ఇటు" అని మేస్త్రి సరిచేసి, తనూ పక్కన వాలాడు. "మూడో వైరు గోడలోకి తోశారా? అది హాల్లో రెండోది. ఇక్కడున్నది నా దగ్గరున్న పాతది. కొత్తదని గర్వపడకండి."

"హాల్లో స్పీకర్లు అంత దూరంగా ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది. దెబ్బలు ఈ గోడకి తగలకూడదని."

"నిలబడ్డవాళ్లకి నచ్చకపోతే లేచి పక్క గదిలోకి పోతారండీ. పడుకున్నవాళ్ల మీద పైనుంచి ఏది పడితే అది పడుతుంది. అందుకని ముందు నేను పడుకుంటా" అన్నాడు మేస్త్రి. అని, ఆంప్లిఫయరు దగ్గర వైర్లు సరిగ్గా కలిపి, టీచరక్క చెయ్యి అందే ఎత్తులో గోడకి ఓ మీట బిగించాడు. చందమామ ఎంత పాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఇక ఆమె ఇష్టం. సోమవారం పొద్దున నర్సింగ్ హోము నుంచి ఫోనొస్తే, "మీ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోండి. ఇక్కడ నాకు కచేరీలున్నాయి" అంది.

ఆమె కర్ర పట్టుకుని నడుస్తూ, తన ఇంటికి వెళ్లిపోయే రోజు మేస్త్రి వచ్చాడు. వాళ్లిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. గదిలో ఇక పడుకునేవాళ్లు లేరు కదా, స్పీకరు విప్పి తీసుకుపోయి ఇంకెవరికైనా పెట్టమంది టీచరక్క. మేస్త్రి గుమ్మంలోంచి హాల్లోకి తొంగిచూశాడు. తమ్ముడు అక్క ట్రంకుపెట్టె ఒక్కడే ఎత్తి, ఒక పక్కకి వంగి, ఆటో దాకా మోసుకుపోతున్నాడు.

"ఉండనివ్వండమ్మా" అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "ఆ నడక చూస్తుంటే ఈ గదిలో తర్వాత పడుకునేది మీ తమ్ముడే."