ఉప్పు లేని దిష్టి

నా కొడుకుకు నాలుగో నెల. ఆ ఎండల్లో పాలు మానేసి, వాంతులు చేసుకుని, గుడ్డపీలికలా వాలిపోయాడు. ముద్దు పెడితే పెదవులకు ఉప్పు తగిలేది. చెమటే కదా అనుకున్నాను. మా అత్త మాత్రం దిష్టి అంది. రోజూ సాయంత్రం పిడికెడు రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. నేనెంత కసురుకున్నా ఆపలేదు.

అనంతపురంలో డాక్టరమ్మ ముందు సెలైన్ పెట్టించింది. తర్వాత చెమటను కూడా పరీక్ష చేయించింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అట, పుట్టుకతో వచ్చే జబ్బు. ఒంట్లోని ఉప్పంతా చెమటలో పోతోందట. రోజూ తాను రాసిచ్చిన కొలతలో ఉప్పు పట్టించమంది.

మా అత్త గోడకు జారగిలబడింది. "బిడ్డకు ఉప్పే చాలక పాయె. నేనేమో పిడికెళ్లతో పొయ్యిలో పోస్తి కదమ్మా!"

దానికీ దీనికీ సంబంధం లేదని ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

ఇప్పుడు వాడికి రెండేళ్లు. ఆమె దిష్టి తీయడం మానలేదు కానీ, ఒట్టి మిరపకాయలే తిప్పుతుంది. నిన్న పక్కింటామె చూసి, "ఉప్పు మర్చిపోయినావేమక్కా?" అంది.

మా అత్త వాణ్ని చంకనేసుకుంది. "బిడ్డ నోటికాడి ఉప్పు ఎవురన్నా పొయ్యిలో పోస్తారా?"