వాన కొండల్లో కరువు సీమవాడు

డెబ్బై ఎనిమిది జూన్, మధ్యాహ్నం రెండున్నర. అరుణాచల్ కొండల్లో మా పోస్టుకు చేరేసరికి వాన పడుతోంది. ట్రక్కు దిగి నాలుగు గంటలు నడిచాం. బూట్ల నిండా నీళ్లు, వీపున ఇరవై కిలోల బరువు. అందరూ బంకర్లోకి దూరారు. నేను బయటే నిలబడ్డాను. కళ్యాణదుర్గం దగ్గర మెట్టపల్లెలో పుట్టినవాణ్ణి. అంత వాన ఎప్పుడూ చూడలేదు.

వైర్‌లెస్ ఆపరేటరు ధర్మవరంవాడు, మగ్గం నేసే ఇంటివాడు. తల బయటపెట్టి అరిచాడు.

"ఏమప్పా, ఆడ నిలబడి ఏం జేస్తాండావు?"

"ఎంత పదునైందో చూస్తాండా."

"ఈడ నీ చేను యాడుండాది? లోపలికి రా, జరమొస్తాది!"

నిజమే. మడమతో నేల తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చూస్తున్నాను. శనక్కాయ విత్తే ముందు మా నాయన అలాగే చూసేవాడు. ఆ రోజు నుంచి పోస్టులో నా పేరు 'పదును'. గఢ్వాలీ హవల్దారుకు కూడా ఆ మాట నోటికి పట్టింది.

ఆగస్టులో ఒక పొద్దున కొండచరియ విరిగిపడింది. పైన ఊట నుంచి వచ్చే నీళ్ల గొట్టం, కిందికి దిగే దారి, రెండూ కొట్టుకుపోయాయి. ఆపరేటరు కబురు పంపితే, వైర్‌లెస్ సెట్లో జవాబు వచ్చింది: "దారి వేయడానికి ఆరు రోజులు. సర్దుకోండి. ఓవర్." తమాషా ఏమంటే, ఆ పూటే వాన ఆగింది. పదకొండు మందిమి. రెండు డ్రమ్ముల నీళ్లు, అందులో ఒకటి సగమే.

హవల్దారు నా వైపు తిరిగి హిందీలో అన్నాడు: "పదును, మీ ఊళ్లో నీళ్లుండవని ఆపరేటరు చెప్పాడు. డ్రమ్ములు నీ చేతికిస్తున్నా."

మా అమ్మ రెండు మైళ్ల నుంచి మోసుకొచ్చిన నాలుగు కడవలతో ఆరుగురికి రోజు గడిపేది. నేనూ అదే పద్ధతి పెట్టాను. తాగడానికి మనిషికి పూటకొక మగ్గు. బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలు. గడ్డాలు గీసుకోవడం బంద్. మూడో రోజు ఆపరేటరు బతిమాలాడు.

"అన్నా, రోంత పోయి. మొగం కడుక్కుంటా."

"తడిగుడ్డతో తుడ్సుకో. మీ ధర్మవరంలో ఏమన్నా ఏర్లు పారతాండాయా?"

భాష తెలియకపోయినా బంకరంతా నవ్వింది.

ఆరో రోజు సాయంత్రం నాలుగింటికి దారి వేసేవాళ్లు పైకొచ్చారు. డ్రమ్ములో ఇంకా జానెడు నీళ్లున్నాయి. హవల్దారు చెయ్యి ముంచి చూసి, నన్ను గట్టిగా కావలించుకున్నాడు. అంతకుముందు మాది కరువు ఊరని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాణ్ణి. ఆ తరువాత ఎవరడిగినా గొంతెత్తి చెప్పాను: మాది అనంతపురం జిల్లా అని.

మరుసటి ఏప్రిల్లో సెలవు దొరికింది. గౌహతి బజార్లో నాయనకు ఒక నల్ల రెయిన్‌కోటు కొన్నాను. నాలుగు రోజుల రైలు ప్రయాణం. బస్సు దిగి ఎర్రనేల మీద నడుస్తుంటే వేడిగాలి మొహానికి కొట్టింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"దీన్నేసుకోనీకి ఈడ వాన యాడుండాది రా?" అన్నాడు నాయన. అంటూనే తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో గొర్రెలు తోలుకుని బయల్దేరాడు. ఎదురొచ్చినవాళ్లు నవ్వితే, "మావోడు వానల దేశం నుంచి తెచ్చినాడప్పా!" అని నిలబడి మరీ చెప్పాడు.

సర్వీసులో చూసినవి చాలా మరిచిపోయాను. పగుళ్లిచ్చిన ఎర్రచేలో నల్లకోటు తొడుక్కుని, పెళ్లికొడుకులా నడిచిపోతున్న మా నాయన మాత్రం నా కళ్ల ముందు ఇంకా నడుస్తూనే ఉన్నాడు.