కుంపటి ముందు బాద్‌షా పాఠం

మా చిన్నప్పుడు... భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, క్యాంప్ 1లో సాయంత్రమయ్యేసరికి ఇంటింటి ముందూ సిగ్డీలు రాజేసేవారు. సిగ్డీ అంటే మన బొగ్గుల కుంపటే. అమ్మ దాని ముందు పీట వేసుకుని విసనకర్రతో విసురుతుంటే, ఎదురుగా చేతులు కట్టుకుని నేను చరిత్ర ఒప్పజెప్పేదాన్ని... హిందీలో!

అమ్మ బడి ముఖం చూడలేదు. ఆవిడ హిందీ కూరల బేరం వరకే. కానీ ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలో నేను చరిత్ర తప్పాను. పెద్ద పరీక్షలో కూడా తప్పితే చదువు మాన్పించేస్తానన్నారు నాన్న. ఆ రోజు నుంచి అమ్మే నాకు కాపలా.

మా బహన్‌జీకి, అదే మా టీచరమ్మకి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కావాలి. మాట అటూ ఇటూ అయితే వేళ్ల మీద స్కేలు పడేది. పాపం, ఆవిడకీ అలాగే నేర్పి ఉంటారు. ఎందుకు, ఏమిటి అని అడిగే అలవాటు మాకూ లేదు.

ఎవరో బాద్‌షా గురించి పెద్ద జవాబొకటి ఉండేది. 'సడకే బన్‌వాయీ, కువే ఖుద్‌వాయే...' వరకు గడగడా చెప్పేసేదాన్ని. అక్కడ రోజూ ఆగిపోవాల్సిందే. తెలివిగా ఆ తర్వాతి ముక్క మింగేసి ముందుకెళ్తే విసనకర్ర ఆగేది.

"ఎక్కడో తెగిందే... మొదట్నుంచి సెప్పు" అనేది అమ్మ. అక్షరం తెలియదు, అర్థం తెలియదు. విని విని రాగం పట్టేసింది మహాతల్లి! నాకు ఒళ్లు మండిపోయేది.

మొత్తానికి గట్టెక్కాను లెండి. తర్వాత సెక్టర్ 7 క్వార్టరుకి మారాం, గ్యాసు పొయ్యి వచ్చింది... ఆ బాద్‌షా పేరు కూడా మర్చిపోయాను.

చాలా ఏళ్లకి మా అమ్మాయి ఎనిమిదిలోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఈ ఊరి చరిత్ర రాసుకురమ్మన్నారట వాళ్ల టీచరు. నోటుబుక్కు పట్టుకుని వాళ్ల నానీ, అదే మా అమ్మ, పక్కన చేరింది.

"నాకేటి తెలుసు? సదువుకున్నదాన్నా? మీ అమ్మ సదివిందే వచ్చు నాకు" అని అమ్మ 'సడకే బన్‌వాయీ...' అందుకుంది. అచ్చం నా రాగంలోనే! నేను ఆగే చోటికొచ్చి, ఆగి, నా వంక చూసింది. నాకు గుర్తు రాలేదు... 'ముసాఫిరోం కే లియే సరాయే బన్‌వాయీ' అని ఆవిడే పూర్తి చేసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇంతకీ, దాని అర్థమేటే?"

ఎంత సిగ్గేసిందో నాకు. అన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదు. రోడ్లు వేయించాడు, బావులు తవ్వించాడు, బాటసారులకి సత్రాలు కట్టించాడు అని చెప్పాను.

అమ్మ తేలిగ్గా అనేసింది. "ఓస్, అదా... ఈ ఊరొచ్చిన కొత్తలో మేమూ అదే పని సేసినాం. సెక్టర్ 7 రోడ్డుకి కంకర తట్టలు మోసినాను నేను."

మా అమ్మాయి గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోడ్డు మీదే నేను ఏళ్ల తరబడి కాలేజీకి నడిచాను... ఎవరూ అడగమనలేదు, నేనూ అడగలేదు. ఈ కాలం పిల్లలకి తారీఖులు రావని నవ్వుతాం గానీ, వాళ్లకి అడగడం వచ్చు.

మీ పాఠాలు ఇంట్లో ఎవరికి ఒప్పజెప్పేవారు? వాళ్ల కథ మీరెప్పుడైనా అడిగారా?