ఆంజనేయస్వామి ముఖంలో పచ్చ గళ్ళు

గుడికి విగ్రహం చెప్పిన దొర్నిపాడు పెద్దలు శనివారం వస్తామని కబురు పంపిన రోజే మా ఆంజనేయస్వామి ముఖం నిండా పచ్చ గళ్ళు లేచాయి. రాతి విగ్రహానికి కాదు. అదింకా ఆళ్ళగడ్డలో మా షెడ్డు ముందు బండగానే పడి ఉంది. నేను కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మకు. ముందు నుదుటి మీద రెండు గళ్ళు, ఆ తర్వాత బుగ్గల మీద, చివరికి తోక తెగిపోయి పైకెత్తిన చేతి కింద అతుక్కుంది. స్వామిని ఆ అవతారంలో చూసి దండం పెట్టాల్సింది పోయి నోటికొచ్చినట్టు తిట్టాను.

మా నాయన శిల్పి. విగ్రహంలో ఏ భాగమైనా ఎవరి చేతికైనా ఇస్తాడు గానీ ముఖం మాత్రం ఎవరినీ తాకనివ్వడు. పదేళ్ళుగా నేను కాలివేళ్ళు, గదలు, పీఠాల మీద తామరరేకులు చెక్కుతూనే ఉన్నాను. దొర్నిపాడు వాళ్ళు రాయి కొట్టకముందే ముఖం చూడాలన్నారు. కంప్యూటర్లో చూపిస్తానని నేను ముందుకు దూకాను.

"వాళ్ళకు నచ్చితే ఈసారి ముఖం నువ్వే కొట్టు. నచ్చకుంటే ఆ పెట్టె మూసేసి గమ్మున కాలివేళ్ళు కొట్టుకో" అన్నాడు నాయన.

అందుకని ఆ గళ్ళు నా కళ్ళకు గళ్ళలా కనపడలేదు, ఇంకో పదేళ్ళ కాలివేళ్ళలా కనపడ్డాయి.

డ్రైవరు తీసేసి మళ్ళీ వేశాను. కేబుల్ మార్చాను. పక్కింటివాళ్ళ మానిటర్ అడుక్కొచ్చి తగిలిస్తే అందులోనూ అవే గళ్ళు. ఇక తప్పంతా గ్రాఫిక్స్ కార్డుదే. దాన్ని నంద్యాలలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, మూడు ఫ్యాన్లతో ఇటుకరాయంత బరువు. మా షెడ్డులో గాలి కంటే రాతిదుమ్మే ఎక్కువ కాబట్టి బ్లోయర్‌తో ఊదాను. తుమ్ములు నాకొచ్చాయి, గళ్ళు మాత్రం పోలేదు.

"నలభై యేండ్ల నుంచి నేను మింగుతాండా ఈ దుమ్ము. నాకే ఏమీ కాలేదు, దానికేం రోగం?" అన్నాడు నాయన.

సీపీయూను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. కండక్టరు తొంగిచూసి, "ఎన్నో నెలమ్మా?" అన్నాడు. దుప్పటి కొస తీసి రేకు చూపించి టికెట్టు తీసుకున్నాను.

కార్డు అమ్మిన షాపాయన సీపీయూను బల్ల మీద పడుకోబెట్టి ఆన్ చేశాడు. ఆంజనేయస్వామి అద్దంలా మెరిసిపోతున్నాడు. గంటసేపు కాచుకున్నా ఒక్క గడీ రాలేదు.

"కార్డు బంగారం అక్కా. మీ ఊరి కరెంటే సరిగా లేదు."

ఇంటికొచ్చి నిలబెట్టి స్విచ్చి వేస్తే మళ్ళీ గళ్ళు. గురువారం మళ్ళీ మోసుకెళ్ళాను. ఆ దొంగ సచ్చింది నంద్యాలలో మళ్ళీ బుద్ధిగా పనిచేసింది. షాపాయన ఈసారి కరెంటును వదిలేసి నన్ను పట్టుకున్నాడు. "నీకు కంప్యూటర్ వాడేది తెలుసా అక్కా?" అన్నాడు. ఆ మాటకు తిరుగు బస్సులో ఆళ్ళగడ్డ దాకా ఉడికిపోయాను.

శుక్రవారం సాయంత్రం సీపీయూ పక్క రేకు విప్పి, గళ్ళ ముఖం ఎదురుగా తల పట్టుకుని కూర్చున్నాను. నాయన టీ గ్లాసుతో వచ్చి గొంతుక్కూర్చున్నాడు. స్క్రీను వైపు చూడలేదు, పెట్టెలోకి చూశాడు. చూస్తూ చూస్తూ వేలు లోపల పెట్టాడు.

"ముట్టుకోవద్దు నాయనా!"

ఆయన ఎప్పుడు విన్నాడు గనక! కార్డు కొసను వేలితో కాస్త పైకెత్తాడు. గళ్ళు మాయం. వేలు తీశాడు. గళ్ళు ప్రత్యక్షం.

"ఇంత బరువు ఒక్క పక్కనే పట్టుకోని గాల్లో యాలాడుతాండాది. చాపిన చెయ్యి కింద ఆధారంగా రాయి వదలకుంటే ఏమైతాది పాపా?"

విరుగుతుంది. మా షెడ్డులో మొదటి రోజు నేర్పే పాఠం అది. నంద్యాలలో పెట్టెను పడుకోబెట్టారు కాబట్టి కార్డు నిటారుగా నిలబడింది, బరువు పడలేదు. ఇంట్లో పెట్టెను నిలబెట్టగానే కార్డు వాలిపోయి, బిగించినచోట పట్టు తప్పుతోంది. ఈ ముక్క నాకు తట్టనందుకు సిగ్గేసింది.

నాయన పుల్లతో కొలత తీసుకుపోయి, గంటకు బొటనవేలంత నల్లరాతి స్తంభం తెచ్చాడు. పైన సైకిలు ట్యూబు ముక్క అతికించాడు. అడుగున ఎనిమిది తామరరేకులు కూడా చెక్కాడు, ఆ చీకటి పెట్టెలో ఎవరు చూస్తారని! స్తంభం కార్డు కింద నిలబెట్టగానే స్వామి ముఖం తేటపడి అలాగే నిలిచింది. ఆనందంతో గంతేయబోయాను.

"మరి దీనికి ఆధారం యాడ?" అని నాయన ఇప్పుడు స్క్రీను చూపించాడు.

నేను పైకెత్తించిన చెయ్యి కింద ఏమీ లేదు. కంప్యూటర్లో నిలబడింది కదా అని మురిసిపోయాను. రాతిలో అది నెల తిరక్కుండా ఊడిపడుతుంది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో ఆ దరిద్రపు కార్డు తోకను ఎక్కడ అతికించిందో గుర్తొచ్చింది. తోకను వీపు వెనకనుంచి చుట్టి, చేతి కిందకు తెచ్చి ఆనించాను. నాయన "ఊఁ" అని టీ గ్లాసు తీసుకుని లేచిపోయాడు.

శనివారం దొర్నిపాడు పెద్దాయన స్క్రీనుకు ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, "స్వామి ముఖంలో రవ్వంత కోపం ఉండాదే. బాగుండాది" అన్నాడు. రెండుసార్లు నంద్యాల తిరిగిన కోపం అది, పోతుందా!

"ముఖం ఎవరు చేసింది?"

"మా పాప" అన్నాడు నాయన.

"తోక చేతి కిందికి తెచ్చేది ఎవరికి తోచిందప్పా? శానా బాగుండాది."

"నాకే" అన్నాడు నాయన, రెప్ప కూడా వేయకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టిగా అడుగుదామని నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"పో, రాయి మీద ముఖం యాడ వస్తాదో గీసిరా."

ముఖం నాకొచ్చింది. తోక ఆయన్నే తీసుకోనీ. బండ దగ్గరికి వెళితే మొదటి గీత వంకర పోయింది. కొంగుతో తుడిచేసి మళ్ళీ గీశాను.