మా మరిది పెట్టిన సారాకొట్టు

మా చెల్లెలు ప్రసూన మొగుడు పైడిరాజు గూడ్సు బండ్లు నడుపుతాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే పుట్టి, అక్కడే పెరిగి, ఇప్పుడు అక్కడే ఒక క్వార్టర్లో కాపురం చేస్తున్నాడు. మనిషి బంగారం. ఈ మాట అంటే ప్రసూనకు ఒళ్ళు మంట. "ఆ బంగారాన్ని సాయంత్రం ఏడయ్యాక చూడప్పా" అనేది. మా వైపు అక్కను అప్ప అంటాం. మా తాతల కాలంలో విజయనగరం వదిలి వచ్చాం గానీ ఆ పిలుపును మాత్రం వదల్లేదు.

ఏడయ్యాక ఏమయ్యేదంటే, డ్యూటీ లేని రోజున పైడిరాజు స్కూటరు బారు ముందు ఆగేది. కిందటి వేసవిలో ఒక పొద్దున అందరిలాగే డ్యూటీ ఎక్కే ముందు మిషనులో గాలి ఊదాడు. రాత్రి తాగింది ఇంకా లోపలే ఉందని అది చెప్పేసింది. బండి ఇవ్వకుండా ఇంటికి పంపేశారు. ఇంకోసారి ఇలా అయితే ఇంజను ఎక్కనివ్వనని ఆఫీసరు అన్నాడు. ఇంకోసారి అయితే నేనూ ఉండనని ప్రసూన అంది. మా మరిది అసలు భయపడింది రెండో మాటకేనని నా నమ్మకం. ఆ రోజుతో మందు మానేశాడు.

మానేయడం గొప్పే. కానీ సాయంత్రం ఏడు మానదు కదా. ఆ వేళకు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేవాడు. ఫ్రిజ్ తెరిచేవాడు, లోపల ఏముందో చూడకుండానే మూసేవాడు. ఇలా ఎన్నాళ్ళు నిలబడతాడా అని ప్రసూనకూ నాకూ దిగులుగానే ఉండేది.

ఒక ఆదివారం రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంటికి వచ్చాడు. "వదినా, నువ్వు ఫోన్లో ఏవో ఆడతావు కదా. నాకూ ఒకటి సెప్పు. బుర్ర సల్లబడేది" అన్నాడు.

అడగాల్సిన మనిషినే అడిగాడు. నేను బొగ్గు కంపెనీ ఆఫీసులో గుమస్తాను. ఫోనులో మాత్రం పెద్ద కామందును. పొలం, చేపల చెరువు, బేకరీ అన్నీ ఉన్నాయి. ఈ వయసులో ఇదేం పిచ్చి జయలక్ష్మీ అని ఆఫీసులో నవ్వుతారు. నవ్వనివ్వండి, నా చేపలు నాకున్నాయి.

ముందు రైలు నడిపే ఆట చూపించాను. "ఛోడో వదినా, డ్యూటీలో అదే, ఇంట్లోనూ అదేనా?" అన్నాడు. పొలం ఆట చూపిస్తే మొలక రావడానికి రేపటిదాకా ఆగడం తన వల్ల కాదన్నాడు. అలా బొమ్మలు పైకి తోస్తూ తోస్తూ ఒకచోట ఆగిపోయాడు. చెక్క బల్లలు, దీపాల వెలుగు, చుట్టూ కూర్చుని నవ్వుతున్న జనం.

"ఇదేటి?"

"సారాకొట్టు నడిపే ఆట" అని నాలుక కరుచుకున్నాను.

"ఇదే కావాల."

"బుద్ధుందా మరిదీ? మందు మానేసిన మనిషికి మందు కొట్టా?"

"కొట్టు నడిపేవోడు తాగడు వదినా. తాగితే కొట్టు ములిగిపోద్ది. మా బారు ఓనరు గల్లా దగ్గర కూకుని మజ్జిగ తాగుతాడు, తెల్సా?"

నాకు తెలియదు. కానీ ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. ప్రసూనకు నువ్వే చెప్పుకోవాలి అన్నాను. చెప్తాన్లే అన్నాడు. చెప్పలేదనుకోండి.

అలాంటి ఆటలు ఇన్ని ఉంటాయని నాకూ అప్పుడే తెలిసింది. మొదట ఎక్కించిన దానిలో వచ్చినవాళ్ళ నెత్తిమీద గుండ్రటి దీపం ఉంటుంది. ఆలస్యమైతే అది ఎర్రబడుతుంది, అంటే వాళ్ళకు బేగి వడ్డించమని. మా మరిది ఎరుపు కనిపించగానే ఫోను బల్లమీద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కొట్టంతా ఖాళీ అయిపోయింది.

"ఎందుకు ఆగావు?"

"ఎరుపు కదా వదినా. ఎరుపు సూస్తే నా సెయ్యి ముందుకెల్లదు. పచ్చ పడతాదేమోనని సూత్తన్నాను."

ఇంజను నడిపేవాడికి ఆ ఆట పనికిరాదని తీసేశాను. రెండోది మందు కాచే ఆట. గింజలు నానబెట్టాలి, పులియబెట్టాలి, పీపాల్లో పోయాలి. నాకు భలే నచ్చింది. పైడిరాజు కాసేపు ఆడి, గ్లాసులోకి నురగతో పోస్తున్న చప్పుడు రాగానే ఫోను నా చేతిలో పెట్టేశాడు. మొహం చిన్నబోయింది. "ఇది వద్దొదినా. మరీ నిజంలాగ ఉంది" అన్నాడు. నేను నవ్వబోయి ఊరుకున్నాను. ఆ మనిషి రోజూ ఎంత యుద్ధం చేస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది, జాలేసింది.

మూడోది కుదిరింది. అడవిలో కొట్టు. ఎలుగుబంట్లు, నక్కలు, కుందేళ్ళు వచ్చి కూర్చుంటాయి. తొందర లేదు, ఎరుపు లేదు, మధ్యలో పేకాట ప్రకటనలు రావు. పోసే చప్పుడు వద్దనుకుంటే ఆపేయవచ్చు, జంతువుల కబుర్ల గొణుగుడు మాత్రం ఉంచుకోవచ్చు. పైడిరాజు దానిలో మునిగిపోయాడు. పీపాలు పెంచకుండా బల్లలు పెంచాడు, పులుసు కుండ పెట్టించాడు, మేడమీద మంచాలు వేయించాడు. తాగిన ఎలుగుబంటిని రోడ్డెక్కనిస్తామేటి వదినా అని ఫోను చేసి మరీ చెప్పాడు. ఏడయితే చాలు, కొట్టు తెరిచేవాడు. తిరుగుడు తగ్గింది.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం ప్రసూన ఫోను చేసింది. "అప్పా, బేగి రా" అని పెట్టేసింది. స్కూటరు మీద తడుచుకుంటూ వెళ్ళేసరికి ఇల్లు పీకి పందిరి వేస్తోంది, ఫోనులో కొట్టు తన కంటబడిందట.

"నువ్వేనటగా! దొంగ చేతికి తాళాలిచ్చావు కదప్పా!"

"తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్నట్టుంది నీ వరస. తాగడం లేదే, నడుపుతున్నాడు" అన్నాను.

"నడపడానికి బళ్ళు లేవేటి?"

పైడిరాజు మంచం అంచున కూర్చుని తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు. "నాకు గుర్తొచ్చేది మందు కాదు ప్రసూనా. ఆ కూకోడం. డ్యూటీ దిగి, సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబెట్టేశారో ఒకడికి సెప్పుకోడం."

"నాకు చెప్పొచ్చుగా?"

"నువ్వు 'అయ్యో' అంటావు. బార్లో ఆల్లు 'అవున్రా' అంటారు."

సరిగ్గా అప్పుడే వీధిలో మోటారుసైకిలు హారను మోగింది. శంకరరావు. అతనూ బండి నడిపేవాడే, బారులో పైడిరాజు పక్క కుర్చీ అతనిదే. "అరే యార్ పైడీ, వానాగింది, చల్!" అని కేకేశాడు.

ప్రసూన మొహం గోడవైపు తిప్పుకుని, "వెళ్తే వెళ్ళండి" అంది. ఆ గొంతు విని నాకు భయమేసింది. ఈ ఒక్క సాయంత్రం చాలు, అన్నీ మళ్ళీ మొదటికి రావడానికి.

పైడిరాజు ఫోను పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం.

"రాన్రా. మా కొట్టు తెరిసే ఏళయింది."

"నీకు కొట్టేటి?"

"లోపలికి రా, సూపిత్తాను."

"లోపలికా? మీ ఆవిడ ఊరుకుంటాదేటి?" శంకరరావు బండి దిగలేదు, ఇంజను ఆపలేదు.

అతను అన్నదాంట్లో తప్పు లేదు. పెళ్ళయిన కొత్తలోనే తాగుబోతులు తన గడప తొక్కకూడదని ప్రసూన హుకుం వేసింది. ఇరవై ఏళ్ళుగా ఒక్కరూ తొక్కలేదు. మా మరిదికి స్నేహితులతో కూర్చోవాలంటే బారు తప్ప చోటు లేకపోయింది. ఆ సంగతి మా ఇద్దరికీ ఆ కిటికీ దగ్గరే తట్టింది. ప్రసూన నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను, అది నాకెంత కష్టమో తెలిసినవాళ్ళకు తెలుసు.

ప్రసూన రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఈడ్చుకెళ్ళి వరండాలో వేసింది.

"తాగొచ్చారా?" అని శంకరరావును మొహమ్మీదే అడిగింది.

"లేదమ్మా. ఇంకా లేదు."

"అయితే కూచోండి."

అతను ఇంజను ఆపాడు. ప్రసూన వంటింట్లోకి వచ్చి శనగపిండి జల్లించడం మొదలుపెట్టింది. నేను ఉల్లిపాయలు అందుకున్నాను. వరండాలోంచి "ఆ నక్కకి ముందు పెట్టరా, పాపం ఎంతసేపు కూకుంటాది!" అని శంకరరావు అరుపు, దాని వెనక మా మరిది నవ్వు వినిపించాయి. ఆ నవ్వు ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో.

పిండి కలుపుతూ ప్రసూన ఆగింది. "అప్పా, శంకరరావు గారు కారం తింటారా?"

"నాకేటి తెలుసే? మీ ఆయన్నడుగు."

వంటింటి గుమ్మంలోకి వెళ్ళి అడిగింది. పైడిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తింటాడు, ప్రసూనా. ఆడికి కారమంటే పేణం."

అతని స్నేహితుడు ఏం తింటాడని ఆ ఇంట్లో అడగడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. ప్రసూన కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంకో రెండు పచ్చిమిరపకాయలు తరిగి పిండిలో వేసింది.