మదీనా బీ చేతులు

విశాఖ వన్‌టౌన్ నుంచి కంచరపాలెం రైలు పట్టాల దాకా మదీనా బీ గాజుల మలారం దించని గుమ్మం లేదు. ఎంత బిగుతు గాజైనా సరే, చేతికి చుక్క కొబ్బరినూనె రాసి, కబుర్లలో పెట్టి, వేళ్ల కణుపులు సుతారంగా నొక్కి ఎక్కించేసేది. భర్త పోయాక ఆమెను నిలబెట్టినవి ఆ రెండు చేతులే.

పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఆ చేతులకే ఏదో అయింది. ముందు మంట పుట్టింది. తర్వాత మణికట్ల దాకా తోలు నల్లబడి, బీటలు వారి, పొరలుగా ఊడసాగింది. మెడ చుట్టూ కూడా పట్టెడ పెట్టినట్టు నల్లటి చార. అప్పటికే ఆమె క్షయకు మందు మింగుతోంది, నాలుక పూసి గంజి తప్ప ఏదీ సయించడం లేదు. అద్దంలో మెడ చూసుకున్న రోజున ఆమె గుండె జారిపోయింది. పెద్దరోగం, కుష్ఠు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. ఇక తనకు చెయ్యి ఇచ్చేదెవరు? ఇన్నాళ్లూ తను పట్టుకున్న చేతులన్నిటికీ అంటించేసిందా?

ఇంతలో కంచరపాలెం గురువమ్మ నుంచి కబురొచ్చింది. కూతురు పద్మావతికి నెలాఖరున సీమంతం, గాజులు చూపించమని. మదీనా బీ చేతులకు కొంగు చుట్టుకుని వెళ్లింది. అరుగు మీద మలారం దించి దూరంగా జరిగింది.

“ఆ రోజుకి మీరే తొడుక్కోండమ్మా. నాకు ఒంట్లో బాగోనేదు.”

“సీమంతం గాజులు మేం తొడుక్కోడమేటి బీబమ్మా? నువ్వు తొడగాల. ఆ సేతులేటి, దాసేత్తన్నావ్?” అంటూ గురువమ్మ కొంగు లాగింది.

చూసింది. కూతుర్ని లోపలికి పొమ్మని కళ్లతోనే చెప్పింది. మదీనా బీ మళ్లీ చేతులకు కొంగు చుట్టుకుంది.

“పెద్దాసుపత్రికెల్లు. తగ్గితే నువ్వే రా. నేదంటే ఇంకోళ్లని పిలుత్తాను” అంది గురువమ్మ చివరికి.

ఆస్పత్రిలో డాక్టరు ఆనందకుమార్ ఆమెను కళ్లు మూసుకోమని, నల్లబడ్డచోట సూదితో పొడిచాడు.

“అబ్బా, గుచ్చేత్తన్నారేటి బాబూ?”

“నొప్పి తెలుస్తోంది కదా. కుష్ఠైతే మచ్చ మీద సూది గుచ్చినా తెలీదు. నువ్వు భయపడే జబ్బు కాదమ్మా ఇది. క్షయ మందుకి తోడు తిండి చాలక ఒంట్లో ఒక విటమిన్ అడుగంటింది. అందుకే ఎండ తగిలిన చోటల్లా తోలు కమిలిపోతోంది. ఇవి నియాసినమైడ్ బిళ్లలు, మింగు. గుడ్లు, వేరుశనగ గుళ్లు తిను. క్షయ మందు మాత్రం మానకు.”

ఆమె నమ్మలేదు. పొట్టలోకి పోయే బిళ్లకి చేతుల సంగతి ఏం తెలుస్తుంది? బతుకంతా నూనెను నమ్ముకున్న మనిషి. బిళ్లల్ని మెత్తగా నూరి, గాజులెక్కించే నూనెలోనే కలిపి చేతులకీ మెడకీ పట్టించింది. మంట తగ్గలేదు సరికదా, ఇంకా పైకి పాకింది. మందుకే లొంగలేదంటే ఇది అదేనని, డాక్టరు జాలిపడి దాచాడని నిశ్చయించుకుంది. వీధి కుళాయి దగ్గర అందరూ వెళ్లిపోయేదాకా నిలబడి, అప్పుడు పట్టుకునేది నీళ్లు. ఎవరి బిడ్డ దగ్గరికొచ్చినా కసిరేది.

ఉండబట్టలేక మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది.

“మీ మందు పని సెయ్యనేదు బాబూ. నాకు నిజం సెప్పీండి.”

“రోజూ మింగావా?”

“మింగడమెందుకు? నూరి రాసుకున్నాను.”

డాక్టరు నవ్వలేదు. “లోటు ఒంట్లో ఉంది తల్లీ. పైన రాస్తే అది తీరదు” అని తన ఎదుటే ఒక బిళ్ల మింగించాడు.

ఆమె రోజూ మింగసాగాక ముందు నాలుక పూత తగ్గింది. ఆకలి పుట్టింది. చేతుల మంట చల్లారింది. మెల్లగా నల్లటి పొర రాలి, కింద లేత తోలు కనిపించింది.

సీమంతం నాడు గురువమ్మ ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, పీట వేసింది. పద్మావతి చెయ్యి చాపింది. మదీనా బీకి పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. కడుపుతో ఉన్న పిల్ల. డాక్టరు పొరపడి ఉంటే?

“బయమేటి పిన్నీ, తొడుగు” అంది పద్మావతి.

మదీనా బీ మలారంలోంచి విరిగిన గాజు ముక్క తీసి, కొంగు చాటున తన చేతి మీద గట్టిగా పొడుచుకుంది. నొప్పి చురుక్కుమంది. అప్పుడు పట్టుకుంది ఆ పిల్ల చెయ్యి.

తర్వాత ఆమె చేతులు నున్నగా అయిపోయాయి, మచ్చైనా మిగల్లేదు. భయం మాత్రం పోలేదు. బతికినన్నాళ్లూ పొద్దున్నే ఒక గాజు ముక్కతో చెయ్యి గుచ్చుకుని చూసుకునేది. నొప్పి పుడితేనే మలారం భుజానికెత్తేది.